మొదటి డబ్బా

ఆ రోజు ఇంట్లో ఆరుగురం ఉన్నాం. నాన్న, నానమ్మ, అక్క, నేను. పొద్దున్నే వచ్చి ముందు గదిలో కుర్చీ లాక్కుని కూర్చున్న పెదనాన్న. ఆయన వెంట, ఆయన పడవ నడిపే హారన్. హారన్ అసలు పేరు రేవులో ఎవరికీ గుర్తు లేదు. అవతలి ఒడ్డున మాట్లాడినా మా వంటింట్లోకి వినపడుతుందని ఆ పేరు వచ్చింది. అమ్మ ఇంట్లో లేదు. అవతలి ఒడ్డున ఆసుపత్రిలో డ్యూటీ కాబట్టి మొదటి పడవకే వెళ్ళిపోయింది. అమ్మ ఉండుంటే ఇదంతా జరిగేది కాదని నానమ్మ తర్వాత అంది. జరగడంలో నానమ్మకీ వాటా ఉంది కాబట్టి ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

మా ఇల్లు రేవుని ఆనుకుని ఉంటుంది. ముందు రెండు గదులు, వెనక వంటిల్లు, దాని వెనక రేకుల షెడ్డు. షెడ్డులో నాన్న పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. వంటింటి తలుపు తీస్తే షెడ్డే, షెడ్డు తలుపు తీస్తే వంటిల్లే. అందుకని మా ఇంట్లో టీ కూడా కాస్త పెట్రోల్ వాసన వేస్తుంది. చుట్టాలు ముక్కు ముడుస్తారు. మాకు ఆ వాసన లేకపోతే టీ తాగినట్టు ఉండదు.

పెదనాన్నకి రెండు పడవలు. ఒకటి హారన్ నడుపుతాడు. రెండోది ఇంజన్ పాడై ఒడ్డు మీద బోర్లా పడి ఉంది. ఆ ఇంజన్ని అక్క విప్పింది. సిలిండర్ బోరు చేయించి, కొత్త పిస్టన్, కొత్త రింగులు వేసి తనే మళ్ళీ బిగించింది. నాన్న పక్కన స్టూలు మీద కూర్చుని చూశాడు తప్ప స్పానర్ ముట్టుకోలేదు. ముట్టుకోకూడదని పెదనాన్న షరతు.

"ఇంజన్ నువ్వే కట్టు. మొదటి డబ్బా నువ్వే కలుపు. నా కళ్ళ ముందు నువ్వే నడిపించు. ఇంజన్ నిలదొక్కుకుందా, రెండో పడవ నీది. పట్టేసిందా, హారన్ బావమరిదికి ఇచ్చేస్తా. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడిస్తే లాభం లేదు," అన్నాడు పెదనాన్న.

"ఏడవను పెదనాన్నా," అంది అక్క.

"నువ్వు ఏడవవు. ఏడిస్తే మీ నాన్న ఏడుస్తాడు. వాడి సంగతి నాకు తెలీదా."

అక్కకి ఆ పడవ తప్ప ఇంకేమీ అక్కర్లేదు. బడి అయిపోయిన దగ్గర్నుంచీ అదే ధ్యాస. రేవులో నిలబడి, వచ్చే పడవ కనపడకముందే, చప్పుడు విని దాని ప్లగ్గు బాగుందో లేదో చెప్పేది. ఆడపిల్ల పడవ నడపడమేంటని ఎవరూ మొహం మీద అనలేదు. నవ్వారు. అంటే అక్క జవాబు చెప్పేది. నవ్వుకి ఏం జవాబు చెప్తుంది.

మొదటి డబ్బా అంటే ఏంటో చెప్పాలి. ఈ చిన్న ఇంజన్లకి విడిగా నూనె పోసే చోటు ఉండదు. పెట్రోల్‌లో కలిపిన నూనే లోపలికి వెళ్ళి పిస్టన్‌ని తడుపుతుంది. కొత్తగా కట్టిన ఇంజన్‌కి ఆ పాళ్ళు వేరు, మొదట్లో నడిపే తీరు వేరు. అక్కడ తేడా వస్తే పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్‌లో ఇరుక్కుపోతుంది. దాన్నే పట్టేయడం అంటాం. పట్టేస్తే పెట్టిందంతా బూడిదలో పోసినట్టే. అందుకని మొదటి డబ్బా కలిపేది ఒక్క మనిషే. ఇంకో చెయ్యి పడకూడదు. పడితే రేపు ఏదైనా జరిగినప్పుడు నువ్వు పోశావంటే నువ్వు పోశావని కొట్టుకుంటారని మా తాత కాలం నుంచీ రేవులో ఉన్న పద్ధతి. మొదటి డబ్బా ఎవరిదో ఇంజన్ వాళ్ళది, మంచైనా చెడైనా.

చెయ్యి పడకూడదన్నారు కానీ నోరు పడకూడదని ఎవరూ అనలేదు. పొద్దున షెడ్డులో అందరూ చేరారు. ఇనప డ్రమ్ము నిండా నీళ్ళు పోసి, దాని అంచుకి చెక్క బిగించి, ఆ చెక్కకి ఇంజన్ తగిలించి ఉంది.

"ఇరవైకి ఒకటి కలుపు," అన్నాడు నాన్న. ఇరవై పాళ్ళు పెట్రోల్‌కి ఒక పాలు నూనె అని. "నూనె ఎక్కువైతే పొగ వస్తుంది. తక్కువైతే ప్రాణం పోతుంది."

"ఇరవయ్యా? ఇంజన్‌కా, పకోడీకా?" అన్నాడు హారన్. అతను మెరిసే సీసా ఒకటి చేత్తో పట్టుకుని వచ్చాడు. "ఇదిగో, సింథటిక్. యాభైకి ఒకటి చాలని దీని మీదే అచ్చు వేశారు. తయారుచేసినవాడికంటే మనకెక్కువ తెలుసా ఏంటి?"

అక్క ఆ సీసా తీసుకుని తిప్పి చూసి వెనక్కి ఇచ్చేసింది. "మంచి నూనే. కానీ ఇది నలిగిన ఇంజన్‌కి. కొత్త రింగులు సిలిండర్ గోడకి రాసుకుని రాసుకుని చోటు చేసుకోవాలి. ఇంత జారుడు నూనె పోస్తే రాసుకోవు, జారుకుంటాయి. ఎన్నాళ్ళు నడిపినా కుదురుకోవు."

"వీడి బావమరిదిలాగా అన్నమాట," అన్నాడు పెదనాన్న.

హారన్ కూడా నవ్వాడు. నవ్వక తప్పదు మరి.

వంటింటి గడప మీద కూర్చున్న నానమ్మ అందుకుంది. "మీ నాన్న మొదటి డబ్బాలో ఒక మూతెడు ఆముదం వేసేవాడురా పెద్దోడా. ఆయన కట్టిన ఇంజన్ ఒక్కటంటే ఒక్కటి పట్టేసిందేమో చెప్పు."

"అప్పట్లో వేరే నూనె దొరికి చచ్చేది కాదమ్మా. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం."

"అవునులే. నీకూ నెలకోసారి పట్టేదాన్ని ఆముదం. అందుకే ఇంత మహావృక్షం అయ్యావు."

అక్క ఎవరి మాటా కాదనలేదు, ఎవరి మాటా విననూ లేదు. "ఇరవై ఐదుకి ఒకటి. స్కూటర్లకి పోసే మామూలు టూటీ ఆయిల్," అంది.

నాన్న మొహం చిన్నబోయింది. "ఇరవై అంటే ఏమైందే?"

"నూనె పెరిగిన కొద్దీ పెట్రోల్ తగ్గుతుంది కదా నాన్నా. కార్బొరేటర్ రంధ్రంలోంచి వెళ్ళే మొత్తం ఎప్పుడూ ఒక్కటే. అందులో నూనె ఎక్కువైతే మంటకి పెట్రోల్ చాలదు. చాలకపోతే వేడెక్కుతుంది. తక్కువ పోసే కాదు, ఎక్కువ పోసి కూడా పట్టేయించొచ్చు."

"ఎవరు చెప్పారు నీకు?"

"నువ్వే చెప్పావు. అప్పుడు నీకు భయం లేదు."

నాన్నకి ఆ భయం ఎక్కడ పట్టుకుందో అందరికీ తెలుసు. ఒకసారి నది మధ్యలో నూనె చాలక ఇంజన్ పట్టేస్తే, పడవ కొట్టుకుపోయి వంతెన స్తంభాన్ని గుద్దింది. అప్పట్నుంచీ నాన్న కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. షెడ్డులో పై అరలోని సామాను నేనో అక్కో తీసివ్వాలి.

అక్క కలిపింది. గరాటు నేను పట్టుకున్నాను. కొలగ్లాసుని కళ్ళకి ఎదురుగా ఎత్తి, గీతకి నూనె వచ్చేదాకా చూసి, డబ్బాలో పోసి, మూత బిగించి, రెండు చేతులతో ఊపింది. పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"ముందు ఇంత తినవే. ఖాళీ కడుపుతో తాడు లాగితే కళ్ళు తిరుగుతాయి," అని పెదనాన్న లేచాడు. అందరూ ముందు గదిలోకి వెళ్ళారు. అక్క నా దగ్గర ఆగింది.

"నువ్వు ఇక్కడే ఉండు. డబ్బా ఎవరూ ముట్టుకోకూడదు."

నేను తల ఊపాను.

"ఎవరూ అంటే ఎవరూ. సరేనా?"

మళ్ళీ ఊపాను. అక్కకి నా మీద అంత నమ్మకం. అంటే నమ్మకమో, నేను తప్ప ఇంకెవరూ లేరో. మా ఇంట్లో నా నోట్లో పడిన మాట ఇనప్పెట్టెలో పడినట్టే అంటారు. అది పొగడ్తో తిట్టో నాకు ఎప్పుడూ తేలలేదు. హారన్ నన్ను మూగనోము అని పిలుస్తాడు. బళ్ళో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తను. పక్కదానికి రాసి చూపిస్తాను, అది లేచి చెప్తుంది.

కాసేపటికి వంటింటి తలుపు కదిలింది. నాన్న. చేతిలో చిన్న గ్లాసు, గ్లాసులో నూనె.

నేను లేచి డబ్బా మూత మీద అరచెయ్యి పెట్టాను. అంతకంటే నాకు చేతకాదు.

"కొంచెమేరా తల్లీ," అన్నాడు నాన్న. ఎప్పుడైనా భయపడితే నాన్న నన్ను రా అంటాడు. "ఇరవై దాకా తీసుకెళ్తానంతే. రేపు అది ఒక్కతే నది మధ్యలో ఉంటుంది. నీకు తెలీదు."

నేను చెయ్యి తియ్యలేదు. నాన్న ఎడమచేత్తో నా వేళ్ళు ఒక్కొక్కటే లేపాడు. గట్టిగా లాగలేదు. ముల్లు తీసేటప్పుడు ఎలా పట్టుకుంటాడో అలా. మూత తిప్పి గ్లాసు ఒంపాడు. నూనె జారుతున్నంతసేపూ తలుపు వైపే చూశాడు, గ్లాసు వైపు చూడలేదు. ఎంత పోశాడో ఆయనకే తెలీదు.

"అక్కకి చెప్పకు. చెప్తే దాని పడవ పోతుంది," అన్నాడు.

అది నిజం. ఇంకో చెయ్యి పడిందని తెలిస్తే పెదనాన్న ఒక్క క్షణం ఆలోచించడు. నాన్న నా తల మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

నేను కూర్చోనైనా కూర్చోలేదు, నానమ్మ వచ్చింది. కొంగు కింద మోకాళ్ళకి రాసుకునే ఆముదం సీసా.

"చూశాలే. మీ నాన్న పోశాడుగా. వాడు పోస్తే లేని తప్పు, నేను పోస్తేనే వచ్చిందా?"

"నానమ్మా, వద్దు," అన్నాను. నోరు తెరిచి అన్నాను. కానీ నా వద్దు ఎంత చిన్నదంటే, నానమ్మ దాన్ని సరే అనుకుంది.

"ఒక్క మూతెడే. మీ తాత చేతి గుణం కూడా దానికి ఉండాలి కదా. దాని మేలుకేగా."

ఒక మూతెడు అంది. రెండు పోసింది. మూడోది సగం పోసి, మిగిలింది మోకాలికి రాసుకుంటూ వెళ్ళింది.

డబ్బాలోకి తొంగి చూశాను. ఆముదం కలవలేదు. తేనె తీగలాగా మెల్లగా అడుగుకి దిగుతోంది. మూత బిగించి డబ్బా ఊపాను. ఊపి, మళ్ళీ మూత తీసి చూశాను. కలిసినట్టే ఉంది. కలిసిందనే అనుకోవాలనుకున్నాను. ఇప్పుడు చెప్తే పడవ పోతుంది. చెప్పకపోతే, ఏమో, ఏమీ కాదేమో. ఒక పూట పొగ వచ్చి ఊరుకుంటుందేమో.

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎవరైనా వచ్చారా?"

నేను తల అడ్డంగా ఊపాను.

అక్క నా బుగ్గ గిల్లి, డబ్బా పైపుని ఇంజన్‌కి తగిలించింది.

అందరూ మళ్ళీ చేరారు. పెదనాన్న డ్రమ్ముకి ఎదురుగా కుర్చీ వేయించుకున్నాడు. హారన్ ఆయన వెనక. నాన్న తలుపు చెక్కకి ఆనుకుని నిలబడ్డాడు. నానమ్మ గడప మీద. నా పని నాకుంది. ఇంజన్‌ని చల్లబరిచిన నీళ్ళు పక్కనున్న చిన్న రంధ్రంలోంచి సన్నటి ధారగా బయటికి వస్తాయి. ఆ ధారలో వేలు పెట్టి, వేడి ఎంతుందో అక్కకి చెప్పాలి. గోరువెచ్చగా ఉండాలి. వేలు చురుక్కుమంటే ఆపెయ్యాలి.

అక్క తాడు లాగింది. ఇంకోసారి లాగింది. మూడోసారికి అందుకుంది.

మొదట బాగానే ఉంది. టకటకమని చిన్నగా, సమంగా. పెదనాన్న తల ఊగుతోంది. అక్క ఒక చేత్తో వేగం కొద్దిగా పెంచుతూ, తగ్గిస్తూ, నా వైపు చూసింది. నేను గోరువెచ్చ అన్నట్టు తల ఊపాను. అక్క నవ్వింది. పళ్ళు కనపడేలా నవ్వడం అక్కకి అలవాటు లేదు.

తర్వాత పొగ మొదలైంది. కొత్త ఇంజన్ పొగ వదలడం మామూలే. ఇది అలా లేదు. తెల్లగా, బరువుగా, పైకి లేవకుండా నేల మీదే పాకింది. ఇంజన్ దగ్గింది. నాలుగు దెబ్బలు కొట్టి ఒకటి మింగింది. మళ్ళీ దగ్గింది.

"పడవ సంగతి తర్వాత, రేవులో దోమలు మాత్రం ఉండవు," అరిచాడు హారన్.

పెదనాన్న నవ్వలేదు. ముక్కు ఎగరేసి ఏదో వాసన పట్టబోయి, దగ్గు వచ్చి నానమ్మ కొంగు అడ్డం పెట్టుకున్నట్టు భుజం మీది తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

అక్క కనుబొమలు ముడిపడ్డాయి. తను కలిపింది తనకి తెలుసు. ఇరవై ఐదుకి ఒకటి. నూనె అంత లేదు. కాబట్టి ఈ పొగ, ఈ దగ్గు పెట్రోల్ ఎక్కువై వస్తోందనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసింది. కార్బొరేటర్ పక్కన ఒక స్క్రూ ఉంటుంది. లోపలికి తిప్పితే పెట్రోల్ తగ్గుతుంది.

నాన్న తలుపు దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకి వేసి ఆగిపోయాడు.

అక్క స్క్రూని కొంచెం లోపలికి తిప్పింది. దగ్గు పోయింది. ఇంజన్ గొంతు సాఫీ అయింది, కొద్దిగా పైకి లేచింది.

"ఆ, అట్లా," అన్నాడు పెదనాన్న.

హారన్ మొహం వేలాడేశాడు. నానమ్మ చేతులు జోడించి కూర్చుంది. అందరికీ ఇంజన్ బాగుపడినట్టే వినపడింది. నాన్నకీ నాకూ తప్ప. అక్క చెవులు మాకంటే మంచివి, కానీ అక్క దానికి ఏం పోసిందో తనకి తెలుసనుకుంటోంది. గొంతు అలా పైకి లేవకూడదు. పెట్రోల్ చాలని ఇంజన్ మొదట పాట పాడుతుందని నాన్నే అనేవాడు. పాట అయిపోయాకే పట్టేస్తుంది.

నేను నాన్న వైపు చూశాను. నాన్న నా వైపు చూశాడు. చెప్తే పడవ పోతుంది. చెప్పకపోతే ఇంజన్ పోతుంది, దానితో పడవ కూడా పోతుంది. ఇంత చిన్న లెక్క ఇద్దరికీ తెగలేదు. ఆయన నేను చెప్తానేమోనని చూస్తున్నాడు. నేను ఆయన చెప్తాడేమోనని చూస్తున్నాను.

ధారలో వేలు చురుక్కుమంది.

"అక్కా," అన్నాను. ఇంజన్ చప్పుడులో నాకే వినపడలేదు. "అక్కా, వేడి."

అక్క నా వైపు చూడటం లేదు. పొగ ఇంకా తగ్గలేదని చూస్తోంది. స్క్రూడ్రైవర్ మళ్ళీ స్క్రూ మీద పెట్టింది. ఇంకొంచెం లోపలికి తిప్పబోతోంది.

డబ్బా పైపు నొక్కేద్దామనిపించింది. కానీ అలా చేస్తే ఉన్న పెట్రోల్ కూడా అందక, ఆగేలోపే మాడిపోతుంది. ఇంజన్ పక్కన ఎర్ర తాడు ఒకటి వేలాడుతుంది. నడిపేవాళ్ళు నీళ్ళలో పడిపోతే ఇంజన్ దానంతటదే ఆగడానికి దాన్ని నడుముకి కట్టుకుంటారు. నేను ఆ తాడు పట్టుకుని లాగేశాను.

ఇంజన్ టక్కున ఆగింది.

షెడ్డంతా ఒక్కసారి ఎంత నిశ్శబ్దమైందంటే, డ్రమ్ములో నీళ్ళు అంచుకి తగలడం వినపడింది. అక్క నేను లాగడం చూడలేదు. ఇంజన్ పట్టేసిందనుకుంది. స్క్రూడ్రైవర్ పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"పోయింది," అన్నాడు హారన్, మొదటిసారి మెల్లగా.

"పోలేదు," అన్నాను. "నేనే ఆపాను."

అందరూ నా వైపు తిరిగారు. అంతమంది ఒకేసారి నన్ను చూడటం నాకు పడదు. నేల వైపు చూస్తూ, చేతిలో ఉన్న ఎర్ర తాడు చూపించాను.

"ఎందుకు?" అంది అక్క.

"పెట్రోల్ ఎక్కువ కాదు అక్కా. నూనె ఎక్కువైంది. నువ్వు తినేటప్పుడు... నాన్న కొంచెం పోశాడు." "తర్వాత నానమ్మ ఆముదం పోసింది."

పెదనాన్న తువ్వాలు మూతి మీంచి తీశాడు. "అనుకుంటూనే ఉన్నా. ఈ వాసన ఎక్కడో తగిలిందే అనుకున్నా." నానమ్మ వైపు చూశాడు. "ఏమ్మా?"

"ఒక్క మూతెడు," అంది నానమ్మ.

నేను నానమ్మ వైపు చూశాను.

"ఆ, రెండు. అదేమన్నా విషమా? ఇంట్లో దాని మేలు కోరడం కూడా తప్పేనా?"

"నువ్వేరా?" అన్నాడు పెదనాన్న నాన్నతో.

"నేనే పోశాను అన్నయ్యా. దానికి తెలీదు. దాని తప్పేమీ లేదు," అన్నాడు నాన్న. ఆముదం తాగింది ఇంజన్, మొహం మాత్రం నాన్నది అలా అయిపోయింది.

"తప్పు ఎవరిదని నేను అడగలేదు. ఇంకో చెయ్యి పడిందా లేదా అని అడిగా. ఒకటి కాదు, రెండు పడ్డాయి. షరతు షరతే."

హారన్ గొంతు సవరించుకున్నాడు. "అయితే మా బావమరిదిని రేపే రమ్మంటా పెద్దాయనా."

అక్క ఎవరి వైపూ చూడలేదు. పైపు ఊడదీసింది. ప్లగ్గు విప్పింది. నల్లగా, తడిగా, బంకగా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, పైనున్న చక్రం మీద రెండు చేతులూ వేసి మెల్లగా తిప్పింది. సిలిండర్ గోడ గీసుకుపోయి ఉంటే ఆ తిప్పడంలో ఎక్కడో ఒకచోట చేతికి తగులుతుంది. ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు. అక్క కళ్ళు మూసుకుని తిప్పుతోంది. నాన్న ఆ చేతులనే చూస్తున్నాడు.

"తగల్లేదు," అంది అక్క.

అప్పుడు పెదనాన్న వైపు తిరిగింది. "పెదనాన్నా, షరతు ఇంకోసారి చెప్పు."

"ఏముంది చెప్పడానికి? మొదటి డబ్బా నీ చేత్తో కలపాలి. ఇంకో చెయ్యి పడకూడదు."

"ఈ డబ్బా నాది కాదు. ముగ్గురిది. ముగ్గురి డబ్బాకి నేను పూచీ పడను." డబ్బా ఎత్తి పక్కన పెట్టింది. "నా డబ్బా నేను ఇంకా కలపలేదు."

"ఇదెక్కడి మాట అమ్మాయిగారూ," అన్నాడు హారన్. "ఓడిపోయాక ఆట మొదలెట్టలేదంటే ఎలా?"

"ఇంజన్ పట్టేస్తే ఓడిపోయినట్టు. పట్టేసిందా? వచ్చి తిప్పి చూడు."

హారన్ పెదనాన్న వైపు చూశాడు. పెదనాన్న లేచి వచ్చి తనే చక్రం మీద చెయ్యి వేసి తిప్పాడు. రెండుసార్లు తిప్పాడు. చెయ్యి తువ్వాలుకి తుడుచుకున్నాడు. ఆయన ఎటు తిరుగుతాడో ఎవరికీ తెలీదు. ఆయన నవ్వుతూనే కాదంటాడు, తిడుతూనే ఔనంటాడు.

"సాయంత్రం ఆఖరి పడవకి నేను వెళ్ళిపోవాలి," అన్నాడు చివరికి. "అప్పటిదాకా కూర్చుంటా. ఇంజన్ అంతా కడుగు. కొత్త డబ్బా కలుపు. ఈసారి నీది కాని చెయ్యి, చెయ్యి కాదు, వేలు పడిందని తెలిసినా పడవ వీడి బావమరిదిది. మళ్ళీ మాట్లాడేది లేదు."

"సరే."

"ఆ పాత డబ్బా ఏం చేస్తావు?"

"నానమ్మ మోకాళ్ళకి రాసుకుంటుంది," అంది అక్క. ఎవరూ నవ్వలేదు. తనూ నవ్వలేదు.

తర్వాత అక్క అందర్నీ బయటికి పంపింది. పెదనాన్న కుర్చీ తనే మోసుకెళ్ళాడు. హారన్ ఏదో గొణుక్కుంటూ వెళ్ళాడు, గొణిగినా వీధిలోకి వినపడింది. నానమ్మ గడప మీంచి లేవడానికి చెయ్యి ఇమ్మంది. అక్క లేపింది కానీ మాట్లాడలేదు. నాన్న అందరికంటే ఆఖర్న కదిలాడు. అక్క ముందు ఆగి, "ఇరవై ఐదే మంచిది," అన్నాడు. అక్క తల ఊపింది. నాన్న వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

నేను వెళ్ళలేదు. నన్ను కాదనుకున్నాను. గరాటు ఎవరు పట్టుకుంటారు? ధారలో వేలు ఎవరు పెడతారు? కొలగ్లాసుని గుడ్డతో లోపలా బయటా తుడిచాను. గరాటు పెట్రోల్‌తో కడిగాను. ఆముదం జిడ్డు పోయిందా లేదా అని వెలుతురికి ఎత్తి చూశాను. రెండూ బల్ల మీద పెట్టాను.

అక్క వచ్చి ఆ రెండూ తీసుకుని, మళ్ళీ తనే కడగడం మొదలెట్టింది.

"కడిగాను అక్కా."

"చూశాను."

కడిగిన దాన్నే కడుగుతోంది. నేను నిలబడి ఉన్నాను.

"నువ్వు కూడా వెళ్ళు," అంది.

"వేడి చూడటానికి..."

"నాకు వేళ్ళున్నాయి."

నా వేలు చివర ఇంకా మండుతోంది. దాన్ని అరచేతిలో దాచుకున్నాను. వంటింటి గడప దాకా వెనక్కి నడిచాను. అక్క నా వెంటే వచ్చింది, ఒక చెయ్యి తలుపు మీద వేసి. ఏడవకూడదనుకున్నాను. ఏడిస్తే చూడటానికి పెదనాన్న ముందు గదిలోనే ఉన్నాడు.

"నేను చెప్పాను కదా అక్కా," అన్నాను. "చెప్పకుండా ఊరుకోలేదు కదా."

"చెప్పావు," అంది అక్క. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది. "ఎవరైనా వచ్చారా అని అడిగినప్పుడు చెప్పలేదు."

తలుపు వేసేసింది.